ఇంకా పుట్టనివాళ్ళకి భోజనం

ఏడుంపావుకి కోరల్ ఫోను.
"రాత్రి కొత్త వెర్షన్ పడింది.
నూటపన్నెండు లేబుళ్ళు రావాలి,
ముప్పై తొమ్మిదే వచ్చాయి.
ప్రింటర్ని తిట్టి చూశాను. సిగ్గు పడలేదు."

బర్నీ రేవు మీద సన్నటి వాన,
కారు అద్దం దించితే చెక్కపొట్టు గుట్టల వాసన.
చర్చి వెనక వంటగదిలో అప్పటికే
గుమ్మడికాయ సూపు కుతకుతమంటోంది.
పదకొండుకి వ్యాను కదలాలి.

మొదట అందరూ వెతికే చోటే వెతికాను.
లైబ్రరీ ఒకటి కనబడటం లేదంది, చూపించాను.
ముప్పై రెండు బిట్లా, అరవై నాలుగా
అని అది నన్నడిగింది, నేను దాన్నడిగాను.
ఎవరూ లేని గదికి తాళం ఫైలొకటి
కాపలా కాస్తూ కూర్చుంది, లేపి పంపేశాను.
కుదించాను, మరమ్మతు చేశాను,
మూసి తెరిచాను.
ముప్పై తొమ్మిదే.

ఒక్క ఎర్రర్ డబ్బా రాలేదు.
అరిచే తప్పుని చెవి పట్టుకుని లాక్కురావచ్చు,
వినయంగా తక్కువ లెక్క అప్పజెప్పే తప్పుతోనే
చచ్చే చావు.

దీన్ని కట్టింది డెస్మండ్ ట్రెలోరట,
కాగితం మిల్లులో షిఫ్టు దిగి వచ్చి
తొంభై ఎనిమిది చలికాలపు రాత్రుల్లో.
క్వెరీలకి ఆయన పెట్టుకున్న పేర్లు:
పళ్ళు లేనివాళ్ళు.
కుక్క ఉంది, వెనక గేటు.
ముట్టుకుంటే చంపుతా.

చివరిదాన్ని ముట్టుకున్నాను.

అరవై అయిదు నిండితేనే ప్లేటు, అంతే సంగతి.
కానీ పుట్టినరోజు గడిలో ఉన్నది తారీఖు కాదు,
తారీఖు వేషం కట్టిన అక్షరాలు.
ఏడాదికి రెండంకెలే.
ముప్పై ఎనిమిదంటే ఏ ముప్పై ఎనిమిదో
ఇన్నాళ్ళూ యంత్రమే పెద్దమనసుతో
వెనక్కి చూసి చెప్పేది.
కొత్తది ముందుకి చూస్తోంది.
నలభై తొమ్మిది దాకా ఎవరైనా సరే
ఇకముందు రాబోయేవాళ్ళేనట.

తెర మీద వాళ్ళ వయసులు:
ఏథల్ బ్రంబీ, మైనస్ పన్నెండు.
మెర్ల్ హాక్స్‌వర్త్, మైనస్ పది.
నవ్వొచ్చింది, కోరల్‌కి ఎలా చెప్పను?
ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.
వీళ్ళకి పేరుంది, షుగరుంది,
తుంటిలో ఇనప కీలుంది,
ఉప్పు తగ్గించమని డాక్టరు మాటుంది,
పుట్టడం ఒక్కటే
ఇంకా పన్నెండేళ్ళ దూరంలో ఉంది.

డెస్మండ్ కోడులో ఒక వరస దొరికింది:
ముప్పైకి లోపైతే నూరేళ్ళు వెనక్కి.
అప్పటి ముసలివాళ్ళ కోసం ఆయన వేసిన మాసిక.
ముప్పైని చెరిపి యాభై చేశాను.
ఒక్క అంకె. చెయ్యి వణికింది,
ఎవరి చేతిరాతనో దిద్దుతున్నట్టు.

పదీ నలభైకి ప్రింటరు మాట్లాడింది.
డెబ్బై రెండుమంది ఒక్కసారిగా పుట్టారు,
ముడతలతో సహా.

"నూటపదకొండు" అంది కోరల్, రెండుసార్లు లెక్కపెట్టి.
"నోలా లేదు."

నోలా క్విల్టీ. పుట్టినరోజు గడి ఖాళీ.
ఖాళీ కూడా కాదు, కర్సర్ పెట్టి చూస్తే
లోపల ఒక్క స్పేసు.
"వయసు చెప్పదు" అంది కోరల్,
"డెస్మండ్ అడిగాడు, గరిటె చూపించింది.
ఆ తర్వాత ఏదో చేశాడు, పని చేస్తూ వచ్చింది."
ఇన్నేళ్ళూ ఆ కనబడని అక్షరం
రోజుకో ప్లేటు సంపాదించి పెట్టింది.
కొత్త వెర్షన్ దాన్ని ఏమీ లేనట్టే దాటిపోయింది.

పదకొండుకి మూడు నిమిషాలు.
కోరల్ తెల్ల స్టిక్కరు చింపి, పెన్ను నాకిచ్చింది.
రాశాను: నోలా క్విల్టీ. మెత్తటి ముక్కలు. ముందు గేటే.
వయసు దగ్గర వేలు ఆగింది.
కొంచెం చోటు వదిలి
మూత పెట్టాను.

మధ్యాహ్నం కూర్చుని అందరికీ
నాలుగంకెలూ కొట్టాలి, కోరల్ చదువుతానంది.
ముందు సూపు తాగమంది.
ఉప్పు లేదు.